రంగు లేదంటే మంట లేదు

నా ప్రోగ్రామ్‌కి ఎవరైనా వంక పెడితే నాకు ఒళ్ళు మండేది. మూడేళ్ళుగా మా కాలేజీ కెమిస్ట్రీ పిల్లలు పరమాణువుల వర్ణపటాలు చూస్తున్నది నేను రాసిన ఆ సిమ్యులేషన్‌లోనే మరి. సోడియం నొక్కితే నల్లటి పట్టీ మీద పక్కపక్కనే రెండు పసుపు గీతలు. లిథియం నొక్కితే ఎర్ర గీత. ఏదీ నొక్కకపోతే పట్టీ నలుపు, కింద బర్నర్ కూడా ఆరిపోయి కనిపిస్తుంది. ఉత్త మంటని విడిగా గీయడానికి బద్ధకించాను, అంతే. పైగా దానికో సూత్రం కట్టి పిల్లల చేత వల్లె వేయించాను: "రంగు లేదంటే మంట లేదు!"

అందరికంటే గట్టిగా అరిచేది నా మేనకోడలే. "క్లాసులో మామయ్యా అన్నావంటే మార్కులు కోస్తా" అంటే, "సరే సార్ మామయ్యా" అనేది తుంటరిది.

మా లాబ్ అటెండర్‌ని అందరూ సీసాల తాత అంటారు. ఓ రోజు తలుపు దగ్గర నిలబడి నసిగాడు.

"సార్, మిథనాల్ మండితే పగటి వెలుతుర్లో అస్సలు కనబడదండీ. ఆ ముక్క పిల్లలకి ఓసారి చెప్తే..."

"నీ సీసాలేవో నువ్వు కడుక్కో తాతా. పాఠం నేను చెప్తాలే."

ఆయన వెనక్కి తిరిగి తన సీసాల దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన ఎడమ కనుబొమ ఎప్పుడో కాలిపోయి మళ్ళీ మొలవలేదు. ఎలా కాలిందని నేనెప్పుడూ అడగలేదు.

తర్వాతి నెల కాలేజీని చూడటానికి పెద్దవాళ్ళు వస్తున్నారని, నిజం మంటలతో ఒక్క ప్రదర్శనైనా ఉండాలని ప్రిన్సిపాల్ పట్టుబట్టాడు. ఉదయం పదకొండింటికి పెట్టుకున్నాం. ఫొటోలు బాగా వస్తాయని కిటికీలన్నీ నేనే తెరిపించాను. బల్ల మీద ఏడు పింగాణీ గిన్నెలు, అన్నిట్లో మిథనాల్. ఆరింట్లో తలా ఒక లవణం. ఏడోది, తేడా తెలియడానికి, ఉత్తది. మేనకోడలు వరసగా అంటించింది. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ లేచాయి. చప్పట్లు కొట్టారు. నేను అటు తిరిగి అతిథులకి నా ప్రోగ్రామ్ గొప్పలు చెప్పుకుంటున్నాను.

"సార్, ఏడోది ఆరిపోయింది. ఇంకాస్త పోస్తున్నా" అంది మేనకోడలు వెనక నుంచి.

"ఆగమ్మా, ఆగు!" తాత కేక పెట్టాడు.

గిరుక్కున తిరిగాను. ఏడో గిన్నె మీదుగా చూస్తే గోడ గడియారంలో అంకెలు వణుకుతున్నాయి. మంట పైన గాలి అలాగే ఊగుతుంది. నాకూ మేనకోడలికీ మధ్య నాలుగడుగులు. దాని చేతిలో మిథనాల్ సీసా, మూత తీసి ఉంది.

"పొయ్యకే!"

అది నా వైపు చూసి నవ్వింది. నేను పరీక్షిస్తున్నాననుకుంది.

"రంగు లేదుగా సార్!"

బెంచీలన్నీ ఒక్క గొంతుతో అందుకున్నాయి. "రంగు లేదంటే మంట లేదు!"

సీసా వంగింది.

ఆస్పత్రిలో దాని రెండు చేతులకీ మోచేతుల దాకా కట్లు. మొహం సగం కప్పేశారు. మా అక్క నన్ను చూసి గోడ వైపు తిరిగిపోయింది. సిగ్గుతో చచ్చిపోయాను. దగ్గరకెళ్ళి నిలబడితే మేనకోడలు కట్టు లేని ఒక్క కన్నూ తెరిచింది.

"మామయ్యా, నేను సరిగ్గానే చూశాను. దానికి రంగు లేదు."

"లేదమ్మా," అన్నాను. "మంట ఉంది. నేనే నీకు చెప్పలేదు."