బయటికి ఇవ్వని పుస్తకం

కొత్త బిచ్చగాడు పొద్దెరగడంటారు. నౌపడ దాపున ఉన్న ఆ చిన్న లైబ్రరీలో కొత్తగా లైబ్రేరియన్‌గా చేరిన కౌముది సంబరమూ అలాగే ఉండేది. ఎవరైనా ఉచితంగా వాడుకోగల ఓపెన్ సోర్స్ లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌ను ఎచ్చెర్లలో నేర్చుకొచ్చి, తనే కంప్యూటర్లో ఎక్కించింది. పుస్తకాల అట్టలన్నిటికీ బార్‌కోడ్ అంటించింది. ఒక్క పనికి మాత్రం బద్ధకించింది. జనం హాల్లోనే చదివి బల్ల మీద వదిలేసిన పుస్తకాలను స్కాన్ చేసి మరీ బీరువాలో పెట్టాలి; అప్పుడే వాటిని ఎవరో చదివారని కంప్యూటర్‌కు తెలుస్తుంది. ‘ఇంటికి పట్టుకెళ్లలేదు కదా, దీనికీ లెక్కేనా’ అనుకుని ఊరికే సర్దేసేది.

చోటు చాలడం లేదని కార్యదర్శి వేంకటాచలంగారు ఎవరూ చదవని పుస్తకాలు తీసేయమన్నారు. కౌముది కంప్యూటర్నడిగింది. అది చూపించినవన్నీ, పేర్లయినా చదవకుండా, బస్తాలకెత్తించి పాత కాగితాల కొట్టుకు పంపేసింది.

మర్నాడు ఎర్రన్న వచ్చాడు. రొమ్ముకు కట్టుకున్న తప్పెట్లు వాయిస్తూ ఆడిపాడే తప్పెటగుళ్ల జట్టుకు పెద్ద. తన గురువు అచ్చువేయించిన పాటల పుస్తకాన్ని రోజూ ఇక్కడే కూడబలుక్కుని చదివి, జట్టుకు నేర్పుతాడు. దానికి ఇంకో ప్రతి ఎక్కడా లేదు. పోతుందన్న భయంతోనే ఎవరికీ ఇంటికి ఇచ్చేవారు కాదు.

“నా పుస్తకమేదమ్మా? బీరువాలో కనబడ్నేదు.”

కౌముది తీసేసిన పుస్తకాల జాబితా తెరిచి చూస్తే అందులో ఆ పేరుంది. అపురూపమని బయటికివ్వని పుస్తకాన్నే, బయటికి వెళ్లలేదని పారేసింది!

స్కూటీ వేసుకుని కొట్టుకు పరుగెత్తింది. కాగితాలు పొద్దున్నే లారీలో మిల్లుకు వెళ్లిపోయాయి. చింపి మూల పడేసిన అట్టల్లో ఆ పుస్తకం అట్ట ఒక్కటే దొరికింది. దానిమీద తను అంటించిన బార్‌కోడ్ చెక్కుచెదరలేదు.

తిరిగొచ్చేసరికి వేంకటాచలంగారు వాకిట్లోనే ఆపి గొంతు తగ్గించారు. “ఊరికే వచ్చిన సాఫ్ట్‌వేరు, అదే తప్పు చేసిందనేద్దామమ్మా. దానికి కంపెనీయా పాడా, ఎవడొచ్చి అడుగుతాడు?”

ఆ మాట ఆమెకు ఎంత హాయిగా ఉందో! నోరు లేనిదాని మీద నింద వేస్తే పోయేదేముంది? లోపలికి వెళ్లి అలాగే చెప్పబోయింది. అప్పటికే ఎర్రన్న ఆమె చేతిలోంచి అట్ట తీసుకుని, లోపల ఏమైనా మిగిలిందేమోనని తెరిచి చూస్తున్నాడు. కౌముది సిగ్గుతో చచ్చిపోయింది.

“తప్పు కంప్యూటర్ది కాదు తాతా, నాదే. నువ్వు రోజూ చదువుతున్నావని దానికి నేను చెప్పలేదు.”

ఎర్రన్న అట్ట మూసి బల్ల మీద పెట్టాడు.

“పంపే ముందు నన్నొక్క మాటడిగితే ఏటి పోయేదమ్మా?” అన్నాడు. “సర్లే. గుర్తున్నంత సెప్తాను, రాసుకో.”

ఆమె కీబోర్డు దగ్గరికి లాక్కుంది. అతను మోకాలి మీద తాళం వేస్తూ ఎత్తుకున్నాడు. రెండు చరణాలు జోరుగా సాగాయి. మూడో చరణం దగ్గర గొంతు ఆగింది.

“ఉండమ్మా, సూసి సెప్తాను” అంటూ అలవాటుగా లేచి బీరువా వైపు నడిచాడు.