వంగుడు దర్వాజ

ఎండ నడినెత్తిన మండుతోంది. సున్నం, ఇసుక నూరే గచ్చు గానుగ చుట్టూ శంకరవ్వ, ఇంకో ముగ్గురు ఆడవాళ్ళు తెల్లవారినప్పటి నుంచీ తిరుగుతూనే ఉన్నారు. ఆ రాతి చక్రాన్ని లాగాల్సినవి ఎడ్లు. వాటి కిరాయి కూడా సర్కారు మంజూరు చేసింది. ఆ డబ్బు ఊరి దొర జేబులోకి పోయింది, కాడి ఆడవాళ్ళ భుజాల మీదికి వచ్చింది. సున్నం పడ్డచోటల్లా బొబ్బలు లేచి శంకరవ్వకు పిడికిలి ముడుచుకోవడమే కష్టంగా ఉంది.

రెండేళ్ళుగా వానలు మొహం చాటేశాయి. జగిత్యాల చుట్టుపక్కల ఇల్లు కట్టేవాడూ లేడు, మేస్త్రీని పిలిచేవాడూ లేడు. అట్లాంటి కాలంలో దొర గడిలో పని ఉందంటే ఊరంతా ఎగబడింది. పాత కట్టడాలను కాపాడడానికట, పద్దెనిమిది వేల రూపాయల గ్రాంటు వచ్చింది. ఊళ్ళో బడికి కప్పు లేదు, మాలవాడకు మంచినీళ్ళ బావి లేదు. సర్కారుకు మాత్రం గడి మీద ప్రేమ పుట్టుకొచ్చింది. పుట్టదా మరి? గ్రాంటు అడిగింది దొర. సిఫారసు చేసిన పంచాయతీ సమితి అధ్యక్షుడూ ఆ దొరే. దగ్గరుండి పని చేయిస్తున్నదీ ఆయనే.

సర్కారు లెక్కలో మేస్త్రీకి రోజుకు నాలుగు రూపాయలు, ఆడమనిషికి రెండు. ఇక్కడ శంకరవ్వ పెనిమిటి రాజలింగు చేతిలో పడేది రెండున్నర, ఆమె చేతిలో పడేది రూపాయి. ఇదేమిటని అడిగినవాళ్ళకు మర్నాటి నుంచి పని ఉండదు. అందుకని ఎవరూ అడగలేదు, శంకరవ్వ కూడా అడగలేదు.

గచ్చు తెమ్మని కేక వినబడితే ఆమె తట్ట నెత్తికెత్తుకుని గడి పక్కవైపు నడిచింది. అక్కడ గోడ మరమ్మతు అని పొద్దున రాజలింగు చెప్పాడు. వెళ్ళి చూస్తే అది మరమ్మతు కాదు. గోడలో ఉన్న నిలువెత్తు దారికి రెండు పక్కలా కొత్త రాళ్ళు పేర్చి, రొమ్మెత్తున ఆపేశాడు రాజలింగు. పశువుల కొట్టంలో పదిహేనేళ్ళుగా పడి ఉన్న పాత పైబండను నలుగురు మగవాళ్ళు భుజాల మీద మోసుకొస్తున్నారు. శంకరవ్వ కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

అది వంగుడు దర్వాజ. ఈ దొర తండ్రి కాలంలో వెట్టికి వచ్చే వాళ్ళంతా, మాదిగలు, చాకళ్ళు, ఉప్పరోళ్ళు, ఆ దారినే లోపలికి పోవాలి. తల ఎత్తి పోవడానికి వీల్లేకుండానే దాన్ని అంత పొట్టిగా కట్టించారు. ఎదురుగా పెద్దదొర ఉయ్యాల మీద కూర్చుని, వంగి వస్తున్న నడుములను చూసి పేర్లు చెప్పేవాడు. ఊళ్ళో సగం మంది ముఖాలు ఆయనకు తెలియవు, వీపులు మాత్రం తెలుసు. ఒకనాడు శంకరవ్వ తండ్రి గంగయ్య జొన్నల బస్తా వీపున వేసుకుని వంగలేక మోకాళ్ళ మీద పాకుతూ పోయాడు. ఉయ్యాల మీది నుంచి నవ్వు వినిపించింది. వెనకాల నిలబడ్డ పదేళ్ళ శంకరవ్వ ఆ నవ్వును ఇప్పటికీ మరిచిపోలేదు.

పోలీసు చర్యకు ముందటి గొడవల్లో దొరలు పట్నం పారిపోయారు. ఊరు గడి మీద పడ్డ రోజున ఆ దర్వాజ మీద మొదటి గడ్డపార వేసింది రాజలింగే. ఆ తర్వాత కూడా చాలాకాలం ముసలివాళ్ళు అలవాటు కొద్దీ అక్కడ వంగే పోయేవారు. పిల్లలు చూసి నవ్వితే శంకరవ్వకు ఒళ్ళు మండిపోయేది. పెద్దదొర కొడుకేమో, అంటే ఇప్పటి దొర, రెండేళ్ళకు ఖద్దరు తొడుక్కుని తిరిగొచ్చాడు.

"గిదేంది?" అంది శంకరవ్వ. "నువ్వు పలగ్గొట్టిన దర్వాజ నువ్వే కడుతున్నవా?"

రాజలింగు తలెత్తలేదు. "కట్టకపోతె ఏం తింటమే? బెల్లంపల్లి బొగ్గుబాయిల దిగే పానమా నాది?"

బండ మోస్తున్న పోశం కూడా గొణిగాడు. తన ఇంట్లో నలుగురు పిల్లలున్నారనీ, జల్దీ గచ్చు పెట్టమనీ అన్నాడు.

కరీంనగర్ నుంచి వచ్చిన ఓవర్సీరు గొడుగు కింది నుంచి కదిలి, ఓపికగానే నచ్చజెప్పాడు. మునుపు ఎట్లా ఉందో అట్లాగే నిలబెట్టాలన్నది గ్రాంటు షరతట. జానెడు ఎత్తు పెరిగినా చివరి వాయిదా సొమ్ము రాదట. వచ్చే నెల విత్తనాలిచ్చే సమితి కచేరీ ఈ గడిలోకే కిరాయికి వస్తోంది, పెద్ద దర్వాజ జీపులకు, రైతులకూ కూలీలకూ ఇది చాలునన్నాడు. సర్కారిచ్చే తకావి అప్పు కావాలన్నా, పిడికెడు విత్తనాలు కావాలన్నా మళ్ళీ వంగి పోవాలని ఆ మాటకు అర్థం. ఆయనకు అది తట్టనే లేదు. చదువుకున్నవాడికి గోడలో చరిత్ర కనబడింది, ఆ గోడ కింద నలిగినవాళ్ళు కనబడలేదు.

"మునుపటి లెక్కనే ఉండాలంటే గా దర్వాజలకెల్లి వంగి పోయెటోళ్ళు గూడ ఉండాలె గద సారూ" అంది శంకరవ్వ. "గోడలకు పైసలిచ్చిన్రు. మా ఈపులను ఎవలడిగిన్రు?"

ఆమె తట్ట దించింది. కానీ మొగుడి చేతికి ఇవ్వలేదు, తన కాళ్ళ దగ్గరే పెట్టుకుంది.

అరుగు మీద కూర్చున్న దొర లేచి వచ్చాడు. గొంతు మెత్తగానే ఉంది.

"మాటలు మస్తు నేర్చినవు శంకరవ్వా. రాజలింగూ, గచ్చు తీస్కో. ఆ బండ కిందికి దిగిందంటె రేపటి సంది గడిల ఎవ్వనికీ పని లేదు."

బండ కింద నలుగురి మెడనరాలు ఉబ్బి ఉన్నాయి. రాజలింగు తట్ట వైపు చెయ్యి చాచాడు. శంకరవ్వ అడ్డం పడలేదు, పక్కకూ జరగలేదు. అతని ముఖంలోకి చూస్తూ నిలబడింది. ఈ పని పోతే ఇక మిగిలేది బెల్లంపల్లి బొగ్గుబాయే, అక్కడ ఈ మనిషి ఎన్నాళ్ళు బతుకుతాడో ఆమెకు తెలుసు. అయినా జరగలేదు.

రాజలింగు చెయ్యి తట్ట దాకా రాకుండానే ఆగింది. అతను తాపీని గోడ మీద పెట్టాడు.

"దించున్రి" అన్నాడు.

ఎవరూ కదల్లేదు. నలుగురూ దొర వైపు చూశారు. దొర చెప్పాల్సింది చెప్పేసి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. పోశం కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. తర్వాత మోకాళ్ళు వంచాడు. అతని వైపు కొస మెల్లగా కిందికి దిగడం మొదలైంది. మిగతా ముగ్గురి భుజాల మీద బండ ఒరిగింది.