టేకు పొర

రంపం కిందికి దిగింది. సత్తమ్మ రెండు చేతులతో పిడి పట్టుకొని, మోకాళ్లు వంచి, ఒంటి బరువంతా వేసి గుంజింది. పొట్టు జల్లున రాలి తలకూ ముఖానికీ చుట్టుకున్న పాత చీర పేలిక మీద పడింది. పైనుంచి పెద్దులు రంపాన్ని ఎత్తాడు. మళ్లీ దిగింది. మళ్లీ గుంజింది. పొద్దు పొడిచినప్పటి నుంచీ ఇదే పని.

ఆమె నిలబడ్డది నిలువెత్తు గుంటలో. గుంట మీద అడ్డంగా రెండు దూలాలు, దూలాల మీద అచ్చంపేట అడవి నుంచి వచ్చిన టేకు మొద్దు, మొద్దు మీద ఆమె మొగుడు. పైన నిలబడ్డ మనిషి గీత తప్పకుండా రంపాన్ని నడిపించాలి, దిగినదాన్ని ఎత్తాలి. కిందున్న మనిషి గుంజాలి, పొట్టు మింగాలి. ఇరవై ఏండ్లు ఆ కింది మనిషి పెద్దులే. పైన లింగస్వామి అనే జోడీదారు ఉండేవాడు. లింగస్వామి మొద్దు మీది నుంచి జారి నడుము విరిగి మంచాన పడ్డాడు. అప్పటికే పెద్దులు రొమ్ములో పొట్టు పేరుకొని ఉంది. గుంటలోకి దిగితే ఊపిరాడదు. అందుకని అతను పైకెక్కాడు, సత్తమ్మ కిందికి దిగింది. ఆడది రంపం గుంజుడేందని కట్టె డిపోలో మగవాళ్లంతా నవ్వారు. నవ్వినవాళ్లలో ఒక్కడూ గుంటలోకి దిగి సాయం పట్టలేదు.

కింద నిలబడి చూసీ చూసీ ఆమెకు మొగుడి ముఖం కన్నా అతని పాదాలే ఎక్కువ తెలుసు. మడమల పగుళ్లలో పొట్టు ఇరుక్కొని ఎర్రగా ఉంటుంది. ఎడమ బొటనవేలికి గోరు లేదు. అతను కోపంగా ఉంటే వేళ్లు మొద్దును గీరుకుంటాయి. సంతోషంగా ఉంటే మడమ తాళం వేస్తుంది. ఇవాళ ఆ పాదాలు వణుకుతున్నాయి. ఆమె పొద్దుటినుంచీ చూస్తూనే ఉంది. చూసినకొద్దీ మొగుడి మీద కోపం పెరుగుతోంది.

దసరా తర్వాత దవాఖానలో డాక్టరు గట్టిగానే చెప్పాడు, రంపం ముట్టొద్దని. ముట్టే అవసరం కూడా లేకపోయింది. పాలమూరు శివారులోని ఈ డిపోకు కరెంటు వచ్చింది, దాని వెనకే కోత మిషన్ వచ్చింది. గుంటలో గడ్డి మొలిచింది. మొగుడూ పెళ్లాలు చెక్కలు మోసి పేర్చే పనికి మళ్లారు. సత్తమ్మ లోలోపల సంతోషించింది కూడా. పొట్టు పీడ వదిలింది అనుకుంది.

వదల్లేదు. కాలువ పనులు చేసి బాగా కూడబెట్టిన గుత్తేదారు ఒకాయన ఊళ్లో మేడ కడుతున్నాడు. బొంబాయిలో ఎవరి ఇంట్లోనో చూశాడట, మేడ మీది హాలులో బండలు కాకుండా కట్టె నేల కావాలన్నాడు. మొత్తం టేకుతో పరిస్తే అయ్యే ఖర్చు విని ఆయనకే గుండె ఝల్లుమంది. అప్పుడు వడ్రంగి ఎల్లేశం ఒక దారి చెప్పాడు. అడుగున మామిడి చెక్కలు అడ్డం నిలువు పేర్చి సరేసు బంకతో అతికించాలి, పైన మాత్రం టేకు పొర వేయాలి. చూసేవాళ్లకు కనబడేది టేకే. ఎల్లేశం హైదరాబాదులో ఆ పని నేర్చుకొని వచ్చినవాడు. డిపో సేటు ఆ పని ఒప్పుకున్నాడు. ఒప్పుకొని, గుంటలో గడ్డి పీకండని పెద్దులుకు కబురు పెట్టాడు.

ఎండ ఎక్కేవేళకు గుత్తేదారు స్వయంగా వచ్చాడు. బూట్ల చప్పుడు గుంట అంచున ఆగింది. పెద్దులు రంపం ఆపి మొద్దు మీదే వంగి దండం పెట్టాడు. సత్తమ్మకు కిందినుంచి నల్లని బూట్లు, పక్కన సేటు ధోవతి అంచు మాత్రమే కనబడ్డాయి.

“ఒక్క హాలుకు గింత ఖర్సా? షాబాదు బండలు పరిస్తే దీంట్ల సగం గూడ గాదు” అన్నాడు గుత్తేదారు.

“బండకూ కట్టెకూ పోలికేంది దొరా?” సేటు గొంతులో బెల్లం కారింది. “జర సముజు చేస్కోండ్రి. మీద టేకు ఎంత మందముంటే రేటు గంత. టేకుల గూడ ముదురు చెట్టుది ఒక రేటు, లేతది ఒక రేటు. మంచిగ ఆరినదైతే ఒకటి, పచ్చిదైతే ఒకటి. పచ్చిది సస్తగనే వస్తది గని వానకాలం రాంగనే ఉబ్బి లేస్తది. అడుగున ఎన్ని వరుసలేస్తే అన్ని పైసలు. సరేసు మంచిదుండాలె. ఇగ పరిచే తీరు. నిలువుగ పరిస్తే ఒక రేటు, చేపముల్లు తీరు పరిస్తే ఒక రేటు.”

“గివన్నీ నాకెందుకు? తగ్గియ్యాలె. దేంట్ల తగ్గిస్తవో జెప్పు.”

“తగ్గాలంటే టేకు మందం తగ్గియ్యాలె. మిషన్ మీద పలచగ రాదు దొరా. దాని పన్ను మందం. చెక్క ఎంతొస్తదో పొట్టూ గంతే పోతది. టేకంత బుగ్గిపాలు. గీ చేతిరంపమైతే సన్నగ కోస్తది, పొట్టు తక్కువ. ఇంక జర పలచగ కోయిస్తే ఒక్క మొద్దుల రెండు మొద్దుల పొరలెల్తయి.”

“మరి చేతికోతకు కూలి పెరగదా?”

సేటు నవ్వాడు. “కూలిదేముంది దొరా. దాన్ని లెక్కల వట్టకుండ్రి.”

సత్తమ్మ ముఖం మీది పేలికను ఒక్క గుంజు గుంజి తీసేసింది.

“ఓ సేటూ!” అని అరిచింది గుంటలోంచి. “లెక్కల వట్టని మనుషులం గీ గుంటల ఉన్నం. ఇనవడుతుంది మాకు.”

బూట్లు ఉలిక్కిపడి వెనక్కి జరిగాయి. తర్వాత గుత్తేదారు విరగబడి నవ్వాడు. “ఆడమనిషున్నదా లోపల?” అన్నాడు. సేటు కూడా నవ్వాడు కానీ అతని నవ్వు పళ్ల దాకానే వచ్చింది.

“పెద్దులూ, నీ పెండ్లానికి నోరు జాస్తయింది” అన్నాడు. “ఇను. ఇగ గీత దగ్గరకు గియ్యి. ఇప్పుడు కోసినదాంట్ల సగం మందం. పొద్దూకెవరకు మొద్దు సగమన్న కావాలె. అయితదా, మిషన్ వానికే జెప్పాల్నా?”

“అయితది సేటూ” అన్నాడు పెద్దులు.

ఆ మాట అన్నప్పుడు అతని మడమ ఒక్కసారి తాళం వేసింది. సత్తమ్మ చూసింది. సేటు మీద ఉన్న కోపమంతా తిరిగి మొగుడి మీదికి పోయింది.

మధ్యాహ్నం మామిడి చెక్కల గుట్ట నీడలో కూర్చొని జొన్నరొట్టె విప్పారు. పెద్దులు ఒక తునక తుంచి తొక్కులో అద్ది, నోట్లో పెట్టుకోకుండానే దగ్గాడు. దగ్గి దగ్గి కళ్లల్లో నీళ్లు వచ్చాయి. ఆమె చెంబు అందించింది.

“నేనిగ గుంటల దిగ” అన్నది సత్తమ్మ. “ఇంటికి పోదం పా.”

“గీ మొద్దు కానియ్యే.”

“మొద్దు కాదు, నువ్వే అయిపోతవు. డాక్టరు ఏమన్నడు? వానికి పొర పలచగ కావాల్నట. వాని మేడ, వాని హాలు. పైసలు మిగిలేది వానికి, సేటుకు. మనకేం మిగుల్తది?”

పెద్దులు చెయ్యి కడుక్కున్నాడు. అతను మెల్లగా మాట్లాడే మనిషి. కొట్లాట పెట్టుకోవడం రాదు. పెండ్లయిన కొత్తలో అడవిలో గార్డు చెంపమీద కొడితే కూడా తలవంచి నిలబడ్డాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆమె అతనితో మాట్లాడలేదు.

“మిషన్ రాంగనే అందరేమన్నరు? పెద్దులు పనైపోయింది అన్నరు” అన్నాడు. “ఇగో, మిషన్ తోని గానిది నాతోని అయితుంది. వాండ్లే నా దగ్గెరకొచ్చిండ్రు. గిదొక్కటి కోసి ఇడుస్త. మళ్ల రంపం ముట్ట. నీ మీదొట్టు.”

“నా మీదెందుకు ఒట్టు? నీ మీదేస్కో” అన్నది ఆమె. అయినా చీర కుచ్చెళ్లు ఎగదోపి గుంట వైపు నడిచింది. అతని కళ్లల్లో ఆ వెలుగు చూసి చాలా కాలమైంది. దాన్ని ఆర్పే ధైర్యం ఆమెకు లేకపోయింది. అందుకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఎల్లేశం వచ్చి మసి నీళ్లలో ముంచిన తాడు లాగి కొత్త గీత కొట్టాడు. పాత గీతకూ దానికీ నడుమ చిటికెన వేలు కూడా పట్టదు. పెద్దులు వంగి గీతను చూసి తల ఊపాడు.

కోత మొదలైంది. పలచని పొర కోయడమంటే బలంతో అయ్యే పని కాదు. రంపం అటు ఇటు వెంట్రుక వాసి పోయినా పొర చిరిగిపోతుంది. ఊపిరి బిగబట్టి ఎత్తాలి, ఊపిరి బిగబట్టి దింపాలి. ఆమె గుంజుతోంది, అతను ఎత్తుతున్నాడు. కోత మూసుకోకుండా పెద్దులు నడుమ నడుమ చీలికలో చెక్కముక్క దూరుస్తున్నాడు. పొర వంపు లేకుండా, నీళ్లలా సాఫుగా విడివడుతోంది. కిందినుంచి చూస్తున్న సత్తమ్మకు కూడా ఒక క్షణం ముచ్చటేసింది. ఎల్లేశం గుంట అంచున కూర్చొని “శబాష్ మామా” అన్నాడు.

పొద్దు వాలింది. మిషన్ ఆగిపోయింది. డిపోలో రంపం చప్పుడు ఒక్కటే మిగిలింది. 

రంపం దిగింది. సత్తమ్మ గుంజింది. ఎత్తుతాడని చూసింది.

ఎత్తలేదు.

“ఏమయ్యా” అన్నది. పైన పాదాల వణుకు ఆగిపోయి ఉంది. మోకాళ్లు మెల్లగా వంగాయి. పెద్దులు మొద్దు మీద అటొక కాలు ఇటొక కాలు వేసుకొని, అలసిన మనిషి కూర్చున్నట్టే కూర్చున్నాడు. పై పిడి మీద నుదురు ఆనించాడు. అతని బరువుకు రంపం ఇంకొంచెం దిగింది. పిడిని పట్టుకున్న ఆమె చేతులకు ఆ బరువు తెలిసింది.

ఆమె గుంట గోడ పట్టుకొని ఎలా పైకెక్కిందో ఆమెకే తెలియదు. ఎల్లేశం అప్పటికే అతన్ని దింపి నేల మీద పడుకోబెట్టాడు. నోట్లో నీళ్లు పోస్తే పక్కకు కారిపోయాయి. సత్తమ్మ అతని ముఖం మీది పొట్టును అరచేత్తో తుడిచింది. కనుబొమ్మలు, మీసం, చెవులు తుడిచింది. ఎంత తుడిచినా ఇంకా ఉంది.

సేటు పరుగెత్తుకొచ్చాడు. అతని చూపు ముందు మొద్దు మీదికి పోయింది.

“పొర ఇరిగిందా?” అన్నాడు.

ఎల్లేశం తల దించుకున్నాడు. సత్తమ్మ లేచి నిలబడింది. ఆమె ఏడవలేదు. ఒంటినిండా ఎర్రని పొట్టుతో ఆమెను చూసి సేటు ఒక అడుగు వెనక్కి వేశాడు.

“దా” అన్నది. “దిగు. గుంటల దిగి జూడు ఇరిగిందో లేదో. కిందికెల్లి మంచిగ కనవడ్తది.”

“గట్ల కాదు సత్తమ్మా. బండి కట్టిస్త. కర్మకు గిట్ల...”

“దిగుతవా దిగవా?”

సేటు గుంట అంచు నుంచి పక్కకు జరిగాడు. ఆమె మళ్లీ గుంటలోకి దిగింది. రాయి తీసుకొని కింది పిడికి దిగగొట్టిన మేకును ఊడగొట్టింది. పిడి చేతిలోకి వచ్చింది. పైకెక్కి, మొద్దు మీద మొగుడు నిలబడ్డ చోటే నిలబడి, రంపాన్ని రెండు చేతులతో కోతలోంచి పైకి లాగింది. లాగుతున్నంతసేపు కట్టె కీచుమంది.

“రంపమేడికి?” అన్నాడు సేటు. “మొద్దు సగంలున్నది. కావాల్నంటే కిరాయిస్త. సచ్చినోనికి రంపమెందుకు?”

“మా మామ కొట్టిచ్చిన రంపం ఇది. గీ డిపోల ఇగ నడవది” అన్నది. మొగుడు కొట్లాడలేని కొట్లాటలన్నీ ఆ గొంతులో ఉన్నాయి. ఇంకొక్క మాట అంటే ఆమె రంపాన్ని ఏం చేసేదో సేటుకు అర్థమైంది. బండి కట్టమని కేకేశాడు.

ఎడ్లబండిలో పెద్దులును పడుకోబెట్టారు. పక్కన సత్తమ్మ రంపం పెట్టింది. తను ఎక్కలేదు. బండి వెనక నడిచింది.

గుత్తేదారు హాలుకు కట్టె నేల పడింది. పొరలు హైదరాబాదు నుంచి వచ్చాయి. గృహప్రవేశానికి వచ్చినవాళ్లు చెప్పులు విడిచి దాని మీద నడిచి, ఎంత పడిందని అడిగారు. ఆయన గర్వంగా చెప్పాడు.

డిపోలో ఆ మొద్దు జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఎల్లేశం పోనివ్వలేదని కొందరన్నారు, సేటే భయపడ్డాడని కొందరన్నారు. గుంట మీద అలాగే అడ్డంగా పడి ఉంది. ఎండకు ఎండి, సగం దాకా విడివడిన టేకు పొర, గాలి వీచినప్పుడల్లా మొద్దుకు తగిలి టపటపమని కొట్టుకుంటూ ఉండేది.