ఐదువేలలో చేతికొచ్చింది

పన్ను పది శాతమే కదా, ఐదువేలలో పది శాతమంటే ఐదు వందలు, పోతే పోయింది, నాలుగువేల ఐదు వందలు రావాలి, మూడో క్లాసు పిల్లలు చేసే లెక్క ఇది, మరి ఈ జీతం చీటీలో బోనస్ కింద రెండువేల తొమ్మిదివందల ఇరవై ఐదు లేయి అని ఎందుకుంది, బస్సు కుదుపులకి అంకెలు ఊగుతున్నాయి గాని మారడం లేదు, అసలు తప్పంతా మా ఫ్యాక్టరీ ఆస్ట్రియా డైరెక్టరుది, క్యాంటీన్లో నిలబడి, పదేళ్ళుగా మన దగ్గర కారు సీట్లు కుడుతున్న స్మరాండాకి ఐదువేల బోనస్ అని నన్ను చూపించి చప్పట్లు కొట్టించాడు, మా ఊరు పితేష్త్‌లో జీతం ఎంతని అడిగితే ఎవరైనా చేతికొచ్చేదే చెప్తారు, కోతలకు ముందు అంకె ఎవడికి కావాలి, దాంతో రొట్టె కొంటామా, నేనూ చేతికే అనుకున్నాను, అనుకుని ఊరుకోకుండా ఇళ్ళ ఏజెంటుకు ఫోన్ చేసి, చూసొచ్చిన ఆ ఒంటిగది ఇల్లు నాకే అని చెప్పేశాను, అద్దె పన్నెండు వందలు, అడ్వాన్సు మరో పన్నెండు వందలు, ఏజెంటుకి ఆరు వందలు, మంచానికీ పొయ్యికీ రెండువేలు, మొత్తం ఐదువేలు, కొలిచి కుట్టినట్టు సరిపోయింది.

నిన్న చీటీ చూడగానే అకౌంట్స్ గదిలోకి పరుగెత్తాను, ఒటీలియా గారు తీరిగ్గా కళ్ళజోడు తుడుచుకుంటూ, పన్ను పదే తల్లీ, మరి పెన్షన్‌కి ఇరవై ఐదు శాతం, ఆరోగ్యానికి పది శాతం ఎవరు కడతారు, మీ తాతగారా అంది, పెన్షన్‌కి పన్నెండువందల యాభై, ఆరోగ్యానికి ఐదు వందలు, మిగిలిన మూడువేల రెండువందల యాభై మీద పన్ను మూడువందల ఇరవై ఐదు, చూశావా, పన్ను మొత్తం మీద వెయ్యలేదు, అదృష్టవంతురాలివి అని నవ్వింది కూడా, నాకు ఒళ్ళు మండిపోయింది, ఆరోగ్యానికట ఐదు వందలు, పోయిన చలికాలం భుజం పట్టేస్తే డాక్టరు కోసం రెండు నెలలు ఆగాను, చివరికి మా అత్తయ్య నాటు సారా పోసి రుద్దితే తగ్గింది, న్యాయంగా ఆ ఐదు వందలు ఆవిడకివ్వాలి, పోనీ మంచం, పొయ్యి మానేసి నేల మీద పడుకుని రొట్టె నములుతానన్నా మూడువేలు కావాలి, ఎటు తిప్పి కూడినా డెబ్బై ఐదు తక్కువ.

సోరిన్ పోయి ఆరేళ్ళు, మొగుడు లేని ఇంట్లో మొగుడి తల్లితో ఆరేళ్ళు, ఎవరుంటారు ఇంతకంటే, తెల్లారకుండానే రేడియోలో ప్రార్థన, గాలి తగిలితే మెడ పట్టేస్తుందని ఆగస్టులో కూడా కిటికీలు మూసే ఉండాలి, నేను తీయడం ఆవిడ మూయడం, స్నానాల గదిలో నా వెంట్రుక ఒక్కటి కనబడితే రెండు వేళ్ళతో పట్టుకొచ్చి నా కాఫీ పక్కన పెడుతుంది, నిన్న ఇంటికెళ్ళేసరికి చలికాలం పచ్చడికి వంకాయలూ ఎర్ర క్యాప్సికం కాలుస్తోంది, ఆ పొగలో దగ్గుతూనే చెప్పాను, అత్తయ్యా, ఇల్లు కుదిరింది గాని డబ్బు చాలట్లేదు, కోతల్లో పోయింది అని, ఎంత పోయిందే పిల్లా అంది, రెండువేల డెబ్బై ఐదు అన్నాను, చేతులు కడుక్కుని గదిలోకి వెళ్ళింది, బీరువాలో ఆవిడ తన చావుకని సర్దిపెట్టుకున్న నల్ల గౌను, కొత్త బూట్లు, కొవ్వొత్తులు, వచ్చినవాళ్ళకి పంచడానికి తువ్వాళ్ళు ఉన్నాయి, వాటి కింద నుంచి చేతిరుమాలు మూట తెచ్చి విప్పింది, అంత్యక్రియల డబ్బు అది, ఏ అవసరానికీ ఆ ముడి విప్పగా నేను చూడలేదు, వేలు తడుపుకుంటూ ఐదు లేయి నోటుతో సహా లెక్కపెట్టి, ఇంద, వెళ్ళు, ఇంకా వయసున్నదానివి, నేను ఇప్పట్లో చావనులే, మెల్లగా ఇద్దువు అంది, అని మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయింది.

నావీ ఆవిడవీ కలిపి ఐదువేలూ సంచిలోనే ఉన్నాయి, వచ్చే స్టాపే ఏజెంటు ఆఫీసు, మరి ఇంకా ఈ చీటీ పట్టుకుని ఏం కూడుతున్నాను, ఒటీలియా ఎక్కడో తప్పు చేసి ఉంటుందనా, చెయ్యలేదు, నాలుగుసార్లు చూశాను, చీటీ చూసిన మొదటి క్షణం, ఒళ్ళు మండడానికి ముందు, హమ్మయ్య ఇక కుదరదు అనుకున్నాను, ఒట్టు, అలాగే అనుకున్నాను, ఇంత పోయింది అంత పోయింది అని ఆవిడ దగ్గర ఏడ్చింది డబ్బు కోసం కాదు, పోతే పోయిందిలే, ఆ కొంప నీకెందుకు అంటుందని, కనీసం ఒక్క తిట్టు తిడుతుందని, ఆవిడ ఒక్క మాటైనా అడ్డం చెప్పలేదు, చావుకి దాచుకున్నది తీసి నా చేతిలో పెట్టి వంకాయలు తిప్పుకుంటూ నిలబడింది, నిన్నటి నుంచి ప్రభుత్వాన్ని తిడుతున్నాను, డైరెక్టర్ని తిడుతున్నాను, పాపం ఒటీలియాని కూడా, వాళ్ళు తీసుకున్నది ఎంతైనా నాకు నిజంగా పట్టలేదు, ఆవిడ నన్ను ఉండమనలేదు, అదీ నా బాధ.