హెన్రీ రాజు మారిన మతం

1988 ఆగస్టు 24. ఆ పూట అన్నంలోకి ఎండురొయ్యలు వేసిన గోంగూర తిన్నాను. కింది వాటాలో ఉండే భాగ్యవతి తెచ్చింది. రంగూన్‌లో సైనిక శాసనం ఎత్తేశారని రేడియో చెప్పింది. మా లమ్మడా పేట వీధుల్లో జనం మళ్ళీ తిరుగుతున్నారు. నేను చరిత్ర చెప్పే కాలేజీ మాత్రం మూసే ఉంది.

రోడ్లు మూసిన ఆ వారాల్లో భాగ్యవతి సాయంత్రాలు పైకొచ్చి ఫ్రాన్సు రాజుల కథ వినేది. నాలాగే తోడు పోయిన మనిషి. అందుకే కథను సాగదీశాను. పారిస్‌లో కేథలిక్కులు ప్రొటెస్టెంట్లను ఊచకోత కోసిన ఘట్టాన్నే ఎన్ని సాయంత్రాలో నడిపాను.

"మరి ఆ ప్రొటెస్టెంటు రాజు హెన్రీ ఏటయ్యాడు సయాగారూ?" అంది. ఇక్కడ మాస్టారిని సయా అంటారు.

"అతనంటే అంత బెంగా?"

"మీరేటి, నాలుగొందలేళ్ళ కిందటోడి మీద కుళ్ళుకుంతన్నారా?"

నా కుళ్ళు హెన్రీ మీద కాదు, సేక్కాన్ రేవులో గుమాస్తా రాజమోహన్ మీద. అతను కేథలిక్. ఆమెను చేసుకుంటానంటున్నాడు. చర్చిలో పెళ్ళంటే ఆమె బాప్తిస్మం తీసుకోవాలట. ఆమె ఇంకా ఊ అనలేదు. ఆమె ఇంట్లో గూట్లో పైడితల్లి అమ్మవారి పటం ఉంది. ఊరంతా అల్లాడుతుంటే, అతను రాలేని ఆ రోజులు నాకు కలిసొచ్చాయి.

"సింహాసనం కోసం హెన్రీ మతం మార్చుకున్నాడు," అన్నాను.

గిన్నె తీస్తున్న ఆమె చెయ్యి ఆగింది. "తనవోళ్ళు ఏటన్నారు?"

ద్రోహి అన్నారని చెప్పి ఊరుకుంటే చాలు. అబద్ధం కూడా కాదు. కింద మెట్ల దగ్గర రాజమోహన్ దగ్గాడు. దారి తెరుచుకోగానే వచ్చి కాచుకున్నాడన్నమాట. ఆ దగ్గు కూడా నాకు గిట్టలేదు.

"కొందరు ద్రోహి అన్నారు," అన్నాను. అక్కడితో ఆపలేకపోయాను. "కానీ గద్దెక్కాక, పాతవాళ్ళు తమ ప్రార్థనలు చేసుకోవచ్చని శాసనం ఇచ్చాడు. మారినా వాళ్ళను వదిలెయ్యలేదు."

"అయితే నా పైడితల్లి పటం గూట్లోనే ఉంటాదని ముందే సెప్పాల."

"రాజమోహన్‌కా?"

"ఆడికే. కాదంటే ఆడి దారి ఆడిది."

"కాదనడులే."

అతను మంచివాడు. నా బాధంతా అదే.

ఆమె లేచింది. నా తలుపు నేలకు రాసుకుని కీచుమంటుంది. మా ఆవిడ పిడి పట్టి కాస్త పైకెత్తి వేసేది. నేనెప్పుడూ చెప్పలేదు గానీ, భాగ్యవతి కూడా అలాగే ఎత్తి, ఆ రాత్రికి చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళింది.