నాడెలో ఉత్త కండె

ఇటు జరిగి కూర్చో బిడ్డా, ఈ సాంచాల, అదే మరమగ్గాల చప్పుడులో నా మాట వినబడదు. శంకరవ్వ సంగతి చెబుతాను.

సిరిసిల్లలో సాంచాలకు నూలు కండెలు చుట్టే శంకరవ్వకు నలభై ఆరో ఏట రొమ్ములో గడ్డ తేలింది. కరీంనగర్‌లో కోసి తీశారు. ఒంట్లో పుట్టే ఈస్ట్రోజెన్ అనే హార్మోనే ఆ గడ్డకు మేత అని పరీక్షలో తేలింది. రోజుకొక గోలి చొప్పున ఐదేళ్ళు మింగమన్నారు. ఆమె వేములవాడ పోయి, జబ్బు నయమైతే కడతానన్న కోడెను రాజన్నకు కట్టి మొక్కు తీర్చుకుంది. మొక్కు తీరాక మందు మింగితే దేవుణ్ణి శంకించినట్టేనని, గోలీలు ఆపేసి, నూలు అయిపోయిన ఉత్త కండెల గంప అడుగున దాచింది.

మూడు వారాలకు కూతురు భవ్యశ్రీ గంపలో చెయ్యి పెడితే గోలీల అట్టలు తగిలాయి.

“ఏందవ్వా గివి? కండెలకు సుత కేన్సరొచ్చిందా?”

“మొక్కు తీరె గదనే! ఇంకా మింగితే రాజన్నకు కోపమొస్తది.”

“గడ్డ పోయింది. కంటికి కనబడని కణాలు యాడన్న మిగిలినయో ఏమో! వాటికి రిసెప్టర్లని జాగలుంటయని డాక్టరమ్మ చెప్పలే? ఈస్ట్రోజెన్ వచ్చి అండ్ల కూసుంటే కణం పెరుగుతదట.”

“సదువుకున్నోళ్ళ ముచ్చట నాకెందుకే?”

భవ్యశ్రీ కోప్పడలేదు. మగ్గంలో అటూ ఇటూ ఉరికి పోగు వేసే నాడె ఒకటి తెచ్చి, అందులో నూలు లేని ఉత్త కండె బిగించి తల్లి చేతికిచ్చింది.

“గిప్పుడు అండ్ల నిండు కండె పెట్టు.”

“ఎట్ల పెట్టొస్తదే? ఒక్కదానికే జాగ.”

“మరి బట్ట నేస్తదా?”

“పోగు లేకుంట ఏం నేస్తది, నీ తలకాయ!”

అనేసి శంకరవ్వ నాడెను తిప్పి చూసింది. ఉత్త కండెను మెల్లగా బయటికి లాగింది. నిండు కండె పట్టేలా నాడె నోరు తెరుచుకుంది. మూడు వారాలుగా గోలి ఆపి తను చేసింది ఇదే.

“గా గోలి ఉత్త కండెనా?”

“అవ్. ఈస్ట్రోజెన్ జాగల తను కూసుంటది. కణాన్ని పెరగనియ్యది.”

“మరి రాజన్న?”

“మొక్కు తీరిందని అన్నం తినుడు బంద్ జేసినవా?”

శంకరవ్వ నవ్వింది. ఆ తర్వాత గొంతు తగ్గించి అసలు మాట చెప్పింది.

“గా గోలి ఏసుకుంటే ఆవిర్లొస్తుండె బిడ్డా. ఒళ్ళంత పొయ్యి మీద పెట్టినట్టయితది.”

“జర ముందే చెప్పద్దా అవ్వా!”

అప్పుడే డాక్టరమ్మకు ఫోన్ కలిపారు. ఆవిర్లకు వేరే ఉపాయం ఉంది, గోలి మాత్రం ఆపొద్దు, ఎగ్గొట్టినవన్నీ ఒక్కసారే మింగొద్దు అని చెప్పిందామె.

శంకరవ్వ వేములవాడ దిక్కు దండం పెట్టి గోలి వేసుకుంది. అట్టలను గంపలోంచి తీసి రాజన్న పటం ముందు, రోజూ దీపం వెలిగించే చోట పెట్టింది.

మరిచిపోకు బిడ్డా. గడ్డ పోయింది కదా అని గోలీలు దాచే ఆడమనిషి ఎక్కడ కనబడినా, పక్కన కూర్చుని ఈ ఉత్త కండె ముచ్చట చెప్పు.