జాయిస్ గారి పెట్టె

“కారప్పొడి మన పెట్టెలో పెట్టకమ్మా, చీరలకి వాసన పట్టుద్ది. ఆ జాయిస్ పెట్టెలో పెట్టు,” అంది మా అత్తగారు మంచం మీద నుంచి.

నేను నేల మీద కూర్చుని ఆవకాయ సీసాలకి టేపు చుడుతున్నాను. ఆఫ్రికాలో, లుసాకాలో ఉన్న కాలేజీ మా ఇంటిది. మా ఆయన బాబాయి భవానీప్రసాద్ గారు చైర్మన్, మా ఆయన వీరేంద్ర డైరెక్టర్. ఆడపడుచు భర్త హాస్టళ్ళు చూస్తాడు. అతని తమ్ముడు పరీక్షలు చూస్తాడు, చూడటం వరకే, పని స్టాఫుది. సెలవులకొచ్చిన స్టాఫు తిరిగెళ్ళేటప్పుడు ముందు జగ్గయ్యపేటలో మా ఇంటికొచ్చి, మా సామాను తమ పెట్టెల్లో సర్దుకుని మరీ విమానం ఎక్కాలి. అది ఎవరూ పెట్టని రూలు, ఎవరూ తప్పని రూలు.

ఈసారి మాతోపాటే వెళ్తున్న జాయిస్ గారి వంతు. నందిగామలో బస్సెక్కి, చిల్లకల్లులో దిగి, ఆటోలో పెట్టెలు వేసుకుని వచ్చారు. కాలేజీ పెట్టినప్పటి నుంచీ మా ఫార్మసీ డిపార్ట్‌మెంటుని నడుపుతున్నది ఆవిడే, ఇన్‌ఛార్జి అన్న పేరుతో. ఈ ఏడు నిజంగా హెడ్ పోస్టు ఇస్తున్నారు. నాకు.

పొద్దున టిఫిన్ దగ్గర వీరేంద్ర చెప్పారు. “జాయిస్‌కి నువ్వే చెప్పు ఆమనీ. ఆడాళ్ళు ఆడాళ్ళు మాట్లాడుకుంటే గొడవ ఉండదు.” గొడవంటే ఆయనకి హడలు. పోయిన టర్ములో, పోస్టులన్నీ మీ ఇంటివాళ్ళకేనా అని స్టాఫంతా మీటింగు మానేసి క్యాంటీన్లో కూర్చున్నారు. వాళ్ళని బతిమాలి క్లాసులకి పంపింది కూడా జాయిస్ గారే.

ఆ పోస్టు నాకు కావాలనే ఉంది, అబద్ధమెందుకు? ఇడ్లీ తింటూనే తలుపు మీద నా పేరు ఊహించుకున్నాను. ఎం.ఫార్మసీలో గోల్డ్ మెడల్ నాది. కానీ నేను స్టాఫ్‌రూంలోకి వెళితే మాటలు ఆగిపోతాయి. వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ ఆపేసేదాన్నే. ఇంట్లోనేమో “మేం ఇప్పించిన ఉద్యోగమేగా” అంటారు. ఆడపడుచు పురిటికి నా చేత టర్మంతా సెలవు పెట్టించినప్పుడూ అదే మాట. నేనిక్కడ బాలింత పథ్యాలు వండుతుంటే అక్కడ నా క్లాసులు జాయిస్ గారు చెప్పారు. నేను తిరిగి వెళ్ళాక “పాప బాగుందా మేడమ్?” అని మాత్రం అడిగారు.

“ఇటివ్వండి మేడమ్, చోటు చేస్తా,” అంటూ ఆవిడ పెట్టె తెరిచారు. పైనే వాళ్ళమ్మ రత్నమణి గారు పంపిన రొయ్యపొట్టు డబ్బా, కొత్త దుప్పటి.

“ఆ నీచు వాసనది ఇక్కడే వదిలెయ్యమ్మాయ్,” అంది అత్తగారు.

జాయిస్ గారు డబ్బా తీసి గుమ్మం పక్కన పెట్టారు. మా సీసాలు, కారప్పొడి సంచీ అందుకుని తన చీరల మధ్య సర్దసాగారు. ఎన్నిసార్లు చేస్తే చెయ్యి అంత అలవాటు పడుతుంది! నాకు సిగ్గేసింది.

“మీకో సంగతి చెప్పాలండి,” అన్నాను.

“హెడ్ పోస్టు సంగతేగా?” ఆవిడ తలెత్తలేదు. “అక్కడ అందరికీ తెలిసిపోయింది మేడమ్. మీరేం ఇబ్బంది పడకండి. స్టాఫుకి నేను సర్దిచెబుతాలెండి.”

ఆవిడ తిట్టినా తట్టుకునేదాన్ని. ఆవిడ పోస్టు నేను తీసుకుంటే, నా తరఫున సర్దిచెప్పే పని కూడా ఆవిడ మీదే పడిందన్నమాట.

లేచాను. ఆవిడ పెట్టెలోంచి మా సీసాలు, కారప్పొడి తీసి మా పెట్టెలో పట్టుచీరల మీద పెట్టాను. గుమ్మం దగ్గర డబ్బా తెచ్చి ఆవిడ దుప్పటిలో చుట్టాను. “ఏంటమ్మా ఆ పని!” అని అత్తగారు కేకేసింది.

ఆ కేకకి బయట కారు దగ్గరున్న వీరేంద్ర లోపలికొచ్చారు. జాయిస్ గారి ఎదురుగానే అడిగారు. “చెప్పావా?”

“చెప్తున్నానండి. జాయిస్ గారూ, నేనా పోస్టు తీసుకోవట్లేదు. అది మీది.”

జాయిస్ గారి చెయ్యి పెట్టె మూత మీద ఆగిపోయింది. వీరేంద్ర మొహం ఎర్రబడింది. “నీకేమన్నా మతి పోయిందా? బాబాయికి ఏమని చెప్పాలి?”

“అది మీరే చెప్పండి. మగాళ్ళు మగాళ్ళు మాట్లాడుకుంటే గొడవ ఉండదుగా.”